హరాల్డ్ హార్డ్‌రాడ: పిచ్చుకలతో ఊరు తగలెట్టాడా? ఇందులో ఏది చరిత్ర, ఏది కథ?

ఏటిగట్టు
నార్వే రాజు హరాల్డ్ సిగుర్డ్‌సన్, అదే హార్డ్‌రాడ గురించి ఏ వ్యాసం తెరిచినా అన్నీ ఒకే మూటలో కట్టి చెప్పేస్తున్నారు. పదిహేనేళ్ళకే యుద్ధంలో గాయపడ్డాడట. రష్యా వైపు పారిపోయి, అక్కణ్ణుంచి కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళి చక్రవర్తి కొలువులో చేరాడట. సిసిలీలో పిచ్చుకల వీపుకి నిప్పు కట్టి ఊరు కాల్చాడట. చక్రవర్తి కళ్ళు పీకించాడట. గొలుసు మీంచి ఓడ దాటించాడట. చివరికి 1066లో ఇంగ్లండ్‌లో గొంతులో బాణం దిగి పోయాడట. ఇందులో కొంత పేదరాశి పెద్దమ్మ కథలా ఉంది, కొంత నిజంగా జరిగిందే. రెంటినీ విడదీయడం ఎలా? ఒక్కోదానికీ ఆధారం ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి. ముందు ఆ పిచ్చుకల సంగతి తేల్చండి.

తెరచాప
పిచ్చుకలు కట్టుకథే. సాగాలో, అంటే ఐస్‌లాండ్ వాళ్ళు రాసిన పాత వచన కథలో, ఏముందంటే, ఊళ్ళో చూరుల్లో గూళ్ళు పెట్టుకున్న పిట్టలు మేతకి అడవికి వస్తాయి. వాటిని పట్టి, జిగురున్న దేవదారు పుల్లలకి మైనం, గంధకం పూసి వీపుకి కట్టి, అంటించి వదిలారు. అవి గూళ్ళకి ఎగిరిపోయి గడ్డి కప్పులు అంటించాయి. సరిగ్గా ఇదే కథ కీవ్ రాణి ఓల్గా మీద రష్యా పాత వృత్తాంతంలో ఉంది. డ్రెవ్లియన్లు అనే తెగ ఊరు ఇస్కొరొస్తెన్‌ని అడిగి మరీ ఇంటికి మూడు పావురాలు, మూడు పిచ్చుకలు కప్పం తీసుకుంది, వాటి కాళ్ళకి గంధకం మూట కట్టించింది. అది 946 నాటి సంగతిగా రాశారు, అంటే హరాల్డ్ పుట్టడానికి దాదాపు 70 ఏళ్ళ ముందు. హరాల్డ్ తలదాచుకున్న కీవ్ పాలకుడు యారోస్లావ్ ఆ ఓల్గాకి మునిమనవడు. ఈ కథ ఎక్కణ్ణుంచి నడిచొచ్చిందో వేరే చెప్పాలా?

శాసనాలపిచ్చి
అసలు పని జరిగే తీరు చూసినా నిలవదు. వీపు మీద మండుతున్న పుల్లతో పిట్ట గూటికి పోదు. బెదిరి ఎటో పోతుంది, లేదా రెక్క కాలి పడిపోతుంది. కట్టిన దారం ముందు తెగుతుంది. గంధకం 115 డిగ్రీలకే కరిగిపోతుంది, అంటుకున్నాక ఈకల మీదే కారుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కథలో ఇళ్ళన్నీ కర్రవి, గడ్డి కప్పువి. అది చెప్పేవాడు పుట్టిన ఉత్తరాది పల్లె రూపం, సిసిలీ కోట ఊరు కాదు.

ఉత్తరగాలి
పూర్తిగా కొట్టిపారేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు గబ్బిలాలకి చిన్న అగ్ని గుళికలు కట్టి ప్రయోగం చేశారు. 1943లో న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ దగ్గర కొన్ని తప్పించుకుని వాళ్ళ సొంత స్థావరాన్నే తగలెట్టాయి.

శాసనాలపిచ్చి
@ఉత్తరగాలి మీ ఉదాహరణ నా మాటకే బలం. అక్కడ గుళికకి ఆలస్యంగా అంటుకునే ఏర్పాటు ఉంది. గబ్బిలం చూరులోకి దూరి స్థిరపడ్డాక నిప్పు రావాలి. ముందే అంటించి వదిలితే పని జరగదు, కిటుకంతా ఆ ఆలస్యంలోనే. సాగాలో అంటించాకే వదులుతారు.

రాగిరేకు
సంఘటన సంఘటనకీ విడివిడిగా కొట్టుకునే ముందు ఆధారాల వరస తెలియాలి. ఇది కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మనం చదివే హరాల్డ్ కథ చాలావరకు ఐస్‌లాండ్ వచన సాగాల్లోది. మోర్కిన్‌స్కిన్నా సుమారు 1220, స్నోరి స్టుర్లుసన్ హైమ్స్‌క్రింగ్లా సుమారు 1230. హరాల్డ్ పోయింది 1066లో. అంటే నడుమ 150 ఏళ్ళు దాటాయి. వచనం నోటినోటికీ పెరుగుతుంది.

కానీ ఆ వచనం మధ్యలో హరాల్డ్ కొలువు కవుల పద్యాలు గుచ్చి ఉంటాయి. స్కాల్డ్‌లంటారు వాళ్ళని. త్యోదోల్ఫ్ ఆర్నోర్సన్, బోల్‌వెర్క్, వల్గార్డ్ లాంటివాళ్ళు. వీళ్ళ ఛందస్సు పేరు ద్రోత్‌క్వెట్. పద్యానికి 8 పాదాలు, పాదానికి 6 అక్షరాలు. రెండేసి పాదాల్ని కలుపుతూ మూడు చోట్ల ఆద్యక్షర మైత్రి ఉండాలి, మన యతి లాంటిదనుకోండి. పాదం లోపల మళ్ళీ ప్రాస. బేసి పాదంలో హల్లు ఒక్కటే కలిస్తే చాలు, సరి పాదంలో అచ్చుతో సహా కలవాలి. ఇంత బిగువున్న పద్యంలో ఒక మాట మారిస్తే యతో ప్రాసో చెడి దొరికిపోతుంది. అందుకే 150 ఏళ్ళు నోట్లో నానినా పద్యం పెద్దగా చెడలేదు, చుట్టూ ఉన్న వచనం చెడింది. మన చాటుపద్యాల సంగతి తెలుసుగా. పద్యం శ్రీనాథుడిది, దాని ముందు చెప్పే కథ ఎవడిదో.

కాబట్టి నా వరస ఇది: ముందు పద్యం, పక్కన గ్రీకు ఆధారం (కాన్‌స్టాంటినోపుల్ వాళ్ళు రాసుకున్నది గ్రీకులోనే), ఆఖర్న వచనం. పిచ్చుకలకి పద్యమూ లేదు, గ్రీకూ లేదు. వచనం ఒక్కటే.

తెరచాప
ఆ సిసిలీ అధ్యాయాల్లో ఊళ్ళు పట్టిన ఉపాయాలు నాలుగూ ఇదే బాపతు. పిట్టలు, గోడ కింద సొరంగం, ఆయుధాలు దాచి ఆటలాడుతున్నట్టు నటించడం, నాయకుడు చచ్చాడని శవపేటిక మోసుకెళ్ళి కోట గుమ్మంలో అడ్డంగా దించడం. నాలుగోది నార్మన్ దొర రాబర్ట్ గిస్కార్డ్ మీదా చెప్పారు, అంతకుముందు హాస్టింగ్ అనే వైకింగ్ లూనా ఊరు పట్టాడన్న కథలోనూ అదే. పేరు మార్చి ఏ వీరుడికైనా తగిలించే సరుకు. సొరంగం మాత్రం బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి, సేనకి మామూలు పనే, జరిగి ఉండొచ్చు.

ఏటిగట్టు
మరి అసలు సిసిలీ వెళ్ళాడన్నది నిజమేనా?

మీగడతరక
నూటికి నూరు పాళ్ళు. దీనికి సాగాతో సంబంధమే లేని గ్రీకు సాక్షి ఉన్నాడు. కెకౌమెనోస్ అని, 1070ల్లో రాశాడు. హరాల్డ్‌ని ‘అరాల్తెస్’ అంటాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా: వరాంజియా (ఉత్తరాది వాళ్ళ దేశానికి గ్రీకు పేరు) రాజు కొడుకు, 500 మంది శూరులతో వచ్చాడు. చక్రవర్తి నాలుగో మైఖేల్ అతణ్ణి సిసిలీ యుద్ధానికి పంపాడు. అక్కడ పెద్ద పనులు చేసినందుకు ‘మాంగ్లబితెస్’ పదవి ఇచ్చాడు. తర్వాత బల్గేరియాలో దెల్యాన్ తిరుగుబాటు అణచడంలో చక్రవర్తితో పాటు ఉన్నాడు, దానికి ‘స్పథరోకాందిదాతోస్’ చేశాడు. ఆ బల్గేరియా దండయాత్రలో కెకౌమెనోస్ స్వయంగా ఉన్నాడు, కనుక ఇది విని రాసింది కాదు.

ఇక్కడ చూడాల్సింది ఆ పదవులు. సాగాలో హరాల్డ్ వెళ్ళగానే వరాంజియన్లందరికీ, అంటే చక్రవర్తి కొలువులోని ఉత్తరాది సైనికులందరికీ, నాయకుడైపోతాడు, గ్రీకు సేనాని జార్జ్ మానియాకెస్‌కి గుడారం వేసుకునే చోటు దగ్గర్నించీ బుద్ధి చెబుతాడు. గ్రీకు లెక్కలో అతనిది నడిమి మెట్టు. గౌరవమే, కాని సేనాని పక్కన నిలబడి పోట్లాడే స్థాయి కాదు. నాకు కెకౌమెనోస్ మాట మీద ఎంత గురి ఉందో చెప్పలేను. పొగడాల్సిన అవసరం లేనివాడు పొగిడాడు, కొలిచి పొగిడాడు.

రాగిరేకు
పైగా ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. మోనోమాకోస్ చక్రవర్తి కాలంలో హరాల్డ్ సెలవడిగితే ఇవ్వలేదు, రహస్యంగా జారుకున్నాడు, అన్న స్థానంలో తన దేశానికి రాజయ్యాడు, అయ్యాక కూడా రోమన్లతో, అంటే కాన్‌స్టాంటినోపుల్ వాళ్ళతో, స్నేహం చెడలేదు అని. సాగాలోని పలాయనానికి వెన్నెముక ఇదే.

గుడ్డిదీపం
కళ్ళు పీకించడం?

మీగడతరక
కళ్ళు తీయడం జరిగింది. ఎవరివి అన్న దగ్గర సాగా తప్పు చేసింది. 1042 ఏప్రిల్ 20, 21 తేదీల్లో జనం తిరగబడి అయిదో మైఖేల్‌ని దించేశారు. అతనూ, మేనమామ కాన్‌స్టంటైనూ స్టూడియోస్ మఠంలో దాక్కుంటే బయటికి ఈడ్చి కళ్ళు తీశారు. సెల్లోస్ అనే చరిత్రకారుడు దగ్గరుండి చూసి రాశాడు. హరాల్డ్ పేరు చెప్పలేదు గానీ విదేశీ కావలివాళ్ళు తిరుగుబాటుదారులతో కలిశారని చెప్పాడు.

ఇటు త్యోదోల్ఫ్, తొరారిన్ ఇద్దరూ హరాల్డ్ చక్రవర్తి కళ్ళు తీయించాడని పద్యాల్లో చెప్పారు. స్నోరి దాన్ని పట్టుకుని, రాజు ఎదుట చదివిన పద్యంలో అబద్ధం ఎలా ఉంటుందని వాదిస్తాడు. వాదన బాగుంది, కాని ఆయన వచనంలో కళ్ళు పోయినవాడు ఆ తర్వాత గద్దెనెక్కిన మోనోమాకోస్! మోనోమాకోస్ 1055లో పోయేదాకా చూపుతోనే పాలించాడు. పద్యంలో చక్రవర్తి పేరు లేదు, వచనకర్త తోచిన పేరు పెట్టేశాడు. రాగిరేకు గారు చెప్పిన సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కృష్ణవేణి
సూత్రం బాగుంది గానీ పద్యమైతే చాలు అనుకుంటే మోసపోతాం. స్టిక్లెస్టాడ్ యుద్ధం చూడండి, హరాల్డ్ పదిహేనో ఏట గాయపడింది అందులోనే. అతని అన్న ఓలాఫ్, తల్లి ఒకరే తండ్రులు వేరు, అక్కడే చచ్చిపోయాడు. సంప్రదాయ తేదీ 1030 జులై 29. ఓలాఫ్ కొలువు కవి సిగ్వాట్, ఆ రోజు పట్టపగలు సూర్యుడు మసకబారాడని పద్యం చెప్పాడు. సాగా కూడా చీకటి పడిందని రాసింది. లెక్క కడితే ఆ ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది ఆగస్టు 31న. 33 రోజులు తేడా. సిగ్వాట్ ఆ యుద్ధంలో లేడు, రోమ్ యాత్రలో ఉన్నాడు. యుద్ధమూ గ్రహణమూ ఒకే ఎండాకాలంలో వచ్చాయి కాబట్టి రెండూ కలిసిపోయాయి. క్రీస్తు సిలువ నాటి చీకటి పోలిక కూడా కలిసొచ్చింది, ఓలాఫ్‌ని అప్పటికే మహాత్ముణ్ణి చేసేశారు కదా. కవి సమకాలికుడైతే చాలదు, అక్కడ ఉన్నాడా అని కూడా అడగాలి.

రాగిరేకు
@కృష్ణవేణి ఒప్పుకుంటున్నాను, నా వరసకి ఆ షరతు చేర్చుకోవాల్సిందే. యుద్ధమే ఆగస్టు 31న జరిగిందని వాదించేవాళ్ళూ ఉన్నారు లెండి.

కృష్ణవేణి
ఉన్నారు. కాని పండగ తేదీ మొదట్నించీ జులై 29 గానే జరుగుతోంది, నేను దాని వైపే.

తెరచాప
గొలుసు సంగతి నేను చెప్తా, ఓడల విషయం కాబట్టి. కాన్‌స్టాంటినోపుల్ పక్కన గోల్డెన్ హార్న్ అనే పాయ ఉంది. దాని మూతికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టేవాళ్ళు. సాగాలో హరాల్డ్ రెండు ఓడలు తీసుకున్నాడు. తెడ్లు వేసేవాళ్ళు జోరుగా లాగారు. మిగతావాళ్ళు తమ మూటాముల్లెతో సహా వెనక్కి పరిగెత్తారు. బరువు వెనక్కి పోయేసరికి ముక్కు పైకి లేచి గొలుసు మీదికి ఎక్కింది. ఓడ ఆగగానే అందరూ ముందుకి దూకారు, ముక్కు దిగి ఓడ అవతలికి జారింది. హరాల్డ్ ఓడ దాటింది, రెండోది నడుం విరిగి చాలామంది మునిగిపోయారు.

ఈ రెండో ఓడే నన్ను నమ్మిస్తోంది. గొలుసు నడి మధ్యలో తగులుకున్నప్పుడు రెండు కొసలూ గాలిలో వేలాడతాయి, పొడుగాటి పల్చటి ఓడకి అడుగు దూలం అక్కడే విరుగుతుంది. జనం ముందుకి దూకడం రెండు క్షణాలు ఆలస్యమైతే చాలు. ఉత్త కట్టుకథ అల్లేవాడు రెండు ఓడల్నీ దాటించేవాడు.

శాసనాలపిచ్చి
ఎదురుమాట. కథ బిగువు కోసం ఒక ఓడని ముంచడం కూడా కథకుడి విద్యే. రహస్యంగా జారుకున్నాడని గ్రీకు చెప్పింది నిజం. గొలుసు మాత్రం వచనం ఒక్కటే. ‘కావచ్చు’ దగ్గర ఆపుదాం.

ఉత్తరగాలి
ఆ వచనం ఎవరి నోట వచ్చిందో కూడా చూడాలి. హల్దోర్ స్నోరాసన్ అనే ఐస్‌లాండ్ మనిషి హరాల్డ్‌తో కాన్‌స్టాంటినోపుల్లో ఉన్నాడు. ఇంటికెళ్ళాక ఏటా ఆల్తింగ్ సభలో ఆ కథలు చెప్పేవాడు. అవి విని నేర్చుకున్న ఒక కుర్రాడు హరాల్డ్ కొలువుకే వచ్చి, యూల్ పండగ రోజులన్నిటికీ సరిపోయేలా రోజుకింత చొప్పున ఆ కథే వినిపించాడట. రాజు బాగుందన్నాడట. అంటే హరాల్డ్ బతికుండగానే అతని సాహసాలు కథాగానమైపోయాయి, అదీ అతని ఆమోదంతో.

పాతనాణెం
ఆ హల్దోర్ పేరు మీద ఇంకో కథ ఉంది, అది నా ఇలాకా. పండగ జీతం నాణేలు ఒళ్ళో పోస్తే, సగం రాగే అని విదిలించి గడ్డిలో పారేశాడట. కథే, కాని నాణేలు తూచి, లోహం పరీక్షించినప్పుడు అది నిలబడింది. హరాల్డ్ ఏలుబడి మొదట్లో నార్వే పెన్నీలో వెండి 90 శాతం దాకా ఉండేది, తర్వాత మూడో వంతుకి పడిపోయింది. అయినా దేశంలో చెల్లింది. బయటి నాణెం చలామణీ కాకుండా చేసి, తన నాణేన్నే తీసుకునేలా చేయడం రాజు బలంగా ఉన్నప్పుడే కుదురుతుంది. డెన్మార్క్ మీద 1064 దాకా దాదాపు ఏటేటా యుద్ధాలు చేయడానికి ఆ మిగిలిన వెండి పనికొచ్చింది.

తూర్పు బంగారం తెచ్చాడన్నదానికీ నాణెం సాక్ష్యమే. డెన్మార్క్ రాజు స్వెయిన్ ఎస్ట్రిడ్సన్ వేయించిన కొన్ని వెండి నాణేల మీద బొమ్మ అచ్చంగా నాలుగో మైఖేల్ బంగారు నాణెం బొమ్మ. హరాల్డ్ తిరిగొచ్చాక మొదట జత కట్టింది స్వెయిన్‌తోనే. ఆ నమూనా డెన్మార్క్ దాకా ఇతని సంచిలోనే వచ్చి ఉంటుందనడానికి ఇంతకంటే దగ్గరి దారి కనపడదు.

గుడ్డిదీపం
మనిషి 5 మూరల పొడవని చదివాను. మూర 47 సెంటీమీటర్లు వేసుకుంటే 2.35 మీటర్లు! గుమ్మాలు ఏం పెట్టుకున్నాడో.

కృష్ణవేణి
అది స్నోరి లెక్క. ఒక కనుబొమ కాస్త పైకి ఉండేదని కూడా రాశాడు, అది నమ్మబుద్ధేస్తుంది. ఎత్తు మాత్రం పొడుగు మనిషిని సాగదీసింది.

ఏటిగట్టు
కాలం లెక్క వేస్తే ఇదంతా జరిగేటప్పుడు రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు, నన్నయ భారతం మొదలెట్టాడు. అక్కడ కొలువు కవులు, ఇక్కడ కొలువు కవి. సరే, 1066కి రండి. స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో కవచాలు లేకుండా దొరికిపోయాడన్నది నిజమా?

తెరచాప
ముందు గట్టి విషయాలు. ఇంగ్లీషు వృత్తాంతం 300 ఓడలంటుంది. ఓడల్ని రికాల్ దగ్గర నదిలో కట్టారు. సెప్టెంబర్ 20న ఫుల్‌ఫర్డ్‌లో గెలిచారు, యార్క్ లొంగింది. బందీల్ని అప్పగించే చోటు స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్, ఓడలకి దాదాపు 20 కిలోమీటర్లు. హరాల్డ్ మూడో వంతు సేనని ఓడల దగ్గర వదిలి అక్కడికి వెళ్ళాడు. ఇంగ్లీషు రాజు హెరాల్డ్ గాడ్విన్సన్ దక్షిణాన ఉన్నాడనుకున్నాడు. అతను 24కే టాడ్‌కాస్టర్ చేరి, 25న యార్క్ మీదుగా వచ్చి పడ్డాడు. ఓడల దగ్గర్నుంచి హరాల్డ్ మనిషి ఐస్టెయిన్ ఓర్రె తన వాళ్ళతో కవచాలు తొడుక్కుని పరిగెత్తి వచ్చాడు. ఎండలో ఇనుప చొక్కాతో అంత దూరం పరుగంటే చేరేసరికి కత్తి ఎత్తే సత్తువ ఉండదు. తిరిగి నార్వే వెళ్ళడానికి 24 ఓడలు సరిపోయాయి.

శాసనాలపిచ్చి
వంతెన మీద నార్వే మనిషి ఒక్కడే నిలబడి ఇంగ్లీషు సేనని ఆపాడన్నది వృత్తాంతం ఒక ప్రతిలో ఉంది గానీ, తర్వాతి కాలపు చేత్తో చేర్చింది. పైగా అందులో, కిందనుంచి ఒకడు వచ్చి అతణ్ణి కవచం కిందుగా పొడిచాడని ఉంది. మరి కవచాలు లేవన్న మాట?

తెరచాప
ఒకరిద్దరు వేసుకుని ఉండొచ్చు కదా. స్నోరి ఆ రోజు ఇంగ్లీషువాళ్ళు గుర్రాల మీద దాడి చేశారని కూడా రాశాడు. అది హేస్టింగ్స్‌లో నార్మన్లు చేసిన పద్ధతి, మూడు వారాల తేడాతో జరిగిన రెండు యుద్ధాలు ఒకదాంట్లో ఒకటి కలిశాయి. ‘ఇంగ్లండ్ నేల ఏడడుగులు ఇస్తాను, పొడుగరి కాబట్టి ఇంకాస్త’ అని ఇంగ్లీషువాళ్ళ వైపునుంచి అన్న మాట కూడా సాగాలోదే.

రాగిరేకు
కవచాలకి పద్యం ఉంది! ఎవరూ తీసుకురాలేదేంటి? అదీ హరాల్డ్ సొంత పద్యం. యుద్ధం మొదలయ్యే ముందు ఆశువుగా చెప్పాడంటారు. భావం ఇది: బారులు తీరి ముందుకి సాగుతున్నాం, ఒంటి మీద ఇనుప చొక్కా లేదు, ఎదర నీలి కత్తుల అంచులు. శిరస్త్రాణాలు మెరుస్తున్నాయి, నాది నా దగ్గర లేదు. మా కవచాలు అక్కడ ఓడల దగ్గర పడున్నాయి.

చెప్పాక, ఇది బాగా కుదరలేదు, ఇంకోటి చెబుతానన్నాడట. మొదటిది తేలిక ఛందస్సు. రెండోది పూర్తి బిగువున్న ద్రోత్‌క్వెట్: కత్తులూ పుర్రెలూ కలిసే చోట తలెత్తుకుని నిలబడమని ఒక స్త్రీ నాకు చెప్పింది అని. చావు ఎదురుగా నిలబడితే యతిప్రాసలు సరిచూసుకున్న రాజు. ఈ మనిషి మీద నా అభిమానమంతా ఇక్కడే ఉంది.

కృష్ణవేణి
మీ షరతు మీకే గుర్తు చేస్తున్నా. మొదటి పద్యం తేలిక ఛందస్సంటే మార్చడానికీ తేలిక, తర్వాత అల్లడానికీ తేలిక. రెండోదే పాతది కావచ్చు, అందులో కవచం మాట లేదు.

రాగిరేకు
నిజమే. అయినా గెలిచి అయిదు రోజులైన సేన, ఎండ రోజు, బందీల్ని తీసుకోడానికి వెళ్తోంది. మూడో వంతు మనుషుల్ని ఓడల దగ్గరే వదిలాడు. యుద్ధం వస్తుందనుకున్నవాడు అలా చేయడు. అతని ఇనుప చొక్కాకి ‘ఎమ్మా’ అని పేరు, పిక్కల దాకా వచ్చేదట. అంత బరువు మోసుకుని 20 కిలోమీటర్లు ఊరికే నడవడు కదా.

కృష్ణవేణి
ఆ తర్కానికైతే ఒప్పుకుంటా. పద్యానికి కాదు.

గుడ్డిదీపం
‘చివరి వైకింగ్’ అనొచ్చా మరి?

పాతనాణెం
వద్దు. స్వెయిన్ 1069లో ఇంగ్లండ్ మీదికి ఓడలు పంపాడు. హరాల్డ్ మనవడు మాగ్నస్ బేర్‌ఫుట్ 1103లో ఐర్లండ్‌లో చచ్చేదాకా అదే పని చేశాడు.

ఉత్తరగాలి
వెనిస్‌లో పిరేయస్ సింహం అనే రాతి బొమ్మ మీద రూనులు (ఉత్తరాది పాత లిపి) హరాల్డ్ చెక్కించాడని ఎవరైనా చెబితే అదీ వదిలేయండి. 19వ శతాబ్దపు తొందరపాటు చదువు. ఆ చెక్కుడు తీరు స్వీడన్‌ది.

ఏటిగట్టు
నా పట్టిక ఇలా తేలింది. సిసిలీ, బల్గేరియా, రహస్య పలాయనం గట్టివి. కళ్ళు తీయడంలో ఉన్నాడు, మనిషి అయిదో మైఖేల్. గొలుసు కావచ్చు. పిచ్చుకలు, శవపేటిక కొట్టివేత. కవచం మీద మీ ఇద్దరూ తేల్చుకునేదాకా ప్రశ్న గుర్తు. ఒక్కటి మిగిలింది, శవం ఇంగ్లండ్‌లోనే ఉండిపోయిందా?

మీగడతరక
లేదు. మర్నాటి ఏడు నార్వేకి తెచ్చి నిదారోస్‌లో, అంటే ఇప్పటి ట్రాండ్‌హైమ్‌లో, అతనే కట్టించిన మేరీ చర్చిలో పెట్టారు. తర్వాత హెల్గెసేటర్ మఠానికి మార్చారు. ఆ మఠం ఇప్పుడు లేదు, పైన ఊరు పెరిగిపోయింది.